గడువు ధనమునకా, ధర్మమునకా?

తాను కట్టి విడిచిన వస్త్రమును మరియొకరికి అమ్మువాడు దాని లోపములను ఎంతవరకు చెప్పవలెను? ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని నేడు చేతిలోని ఫోనే అంగడియైనది. కొనువాడు వస్త్రమును తాకి చూడలేడు. అమ్మువాని ముఖమును చూడలేడు. అందుచేత చిన్న ప్రశ్నయే పెద్దదైనది.

మన వీధులలో పాత చీరలు పుచ్చుకొని స్టీలు గిన్నెలిచ్చువారు చీర మడత విప్పి, వెలుతురునకెత్తి, చిరుగులు వెదకిన పిమ్మటనే బేరమునకు దిగుదురు. అక్కడ కన్నును చేయియు సాక్షులు. ఆన్‌లైను అంగడిలో ఆ సాక్షులు లేరు. వారికి బదులుగా ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క ఏర్పాటు చేసికొన్నది.

2008లో లిథువేనియాలో పుట్టిన వింటెడ్ సంస్థ అమ్మువాని నుండి కమీషను తీసికొనదు. కొనువాడే రక్షణ రుసుము చెల్లించును. సరుకు చేరిన రెండు దినములలో అతడు అభ్యంతరము తెలుపనియెడల పైకము అమ్మువానికి చేరును. 2011లో అమెరికాలో ఆరంభమైన పోష్‌మార్క్‌లో కమీషను అమ్మువాని భారము. అభ్యంతరమునకు గడువు మూడు దినములు. 2024 అక్టోబరులో ఆ సంస్థ కమీషను తగ్గించి, కొనువారిపై క్రొత్త రుసుము మోపి చూచినది. అమ్మకందారులు మొరపెట్టగా ఆ నెలలోనే పాత పద్ధతికి, అనగా 15 డాలర్లు మించిన అమ్మకముపై నూటికి 20 తీసికొనుటకు, మరలినది. 2009లో ఏర్పడిన త్రెడ్‌అప్‌ది మూడవ త్రోవ. అమ్మువాడు బట్టలను సంచిలో నింపి పంపును. పరీక్షించుట, చిత్రము తీయుట, ధర కట్టుట సంస్థయే చూచుకొనును.

వీనిలో ఏది మేలు? లాభము చూచువాడు రుసుమును లెక్కించును. తీరిక లేనివాడు సంచి పంపుటకే ఇష్టపడును. నీతి చూచువాడు మాత్రము వేరొకటి అడుగవలెను: నాకు తెలిసిన లోపము కొనువానికి తెలియుటకు ఇక్కడ త్రోవ యున్నదా? మొదటి రెండు అంగళ్లలో చిత్రము తీయువాడును, వివరము వ్రాయువాడును అమ్మువాడే. నిజము చెప్పు అవకాశము, దాచు అవకాశము రెండును అతనివే. మూడవదానిలో పరీక్షకుని కన్ను నడుమ నున్నది. ఆ కంటికి మరక కనబడును. కాని ఉతికిన ప్రతిసారియు రంగు కారునన్న సంగతి కనబడదు. అది కట్టినవానికే తెలియును.

“పాతదని తెలిసియే కొన్నాడు గదా!” అని కొందరందురు. పాతతనము వేరు, దాచిన లోపము వేరు. మోచేతి వద్ద నూలు పలుచబడుట వయస్సు. ఊడిన కుట్టును జిగురుతో అంటించి చిత్రము తీయుట మోసము. “చెప్పినచో ధర పడిపోవును” అందురు మరికొందరు. పడిపోయినది ధర కాదు, లేని విలువ. మిగిలినదే ఆ వస్త్రపు నిజమైన వెల.

గడువు అనవసరమని నా అభిప్రాయము కాదు. గడువే లేనియెడల కొన్నవాడు నెల దినములు ధరించి తిరిగి యిచ్చివేయును, అదియు అన్యాయమే. కాని పైకము ఎప్పుడు చేతులు మారవలెనో చెప్పుటకే గడువు పనికివచ్చును. నాలుగవ దినమున ఉతుకగా చొక్కా రంగు కారినచో సంస్థ లెక్క ముగిసియుండును. తెలిసి దాచినవాని లెక్క ముగియలేదు. తెలియక అమ్మినవానికి ఆ దోషము లేదు. అయినను సంగతి వినిన పిమ్మట పైకము తిరిగి యిచ్చుట అతనికి శోభ.

కావున ఏ అంగడినైనను ఎన్నుకొనుడు. లోపమును మొదటి చిత్రములోనే చూపుడు. వివరములో మొదటి వాక్యముననే వ్రాయుడు. ఇదే వస్త్రమును మన తోబుట్టువున కిచ్చునప్పుడు ఏమి చెప్పి యిత్తుమో, ముఖమెరుగని వానికిని అదియే చెప్పవలెను. అంతకు తక్కువ చెప్పుటకు ఏ రుసుమును మనకు హక్కు నీయదు.