పాలెగాళ్ల సంబంధం

మొన్న మదనపల్లెలో మా చెల్లెలి కూతురి పెళ్లిచూపులకు వెళ్లాను. పిల్లాడు బుద్ధిమంతుడే. కాఫీలయ్యాక వాళ్ల పెదనాన్నగారు గొంతు సవరించుకుని, "మాది పాలెగాళ్ల వంశమమ్మా! మావాళ్ల గుర్రాల చప్పుడు వింటే చుట్టుపక్కల పల్లెలు తలుపులు బిడాయించుకునేవి" అన్నారు. అందరం మెచ్చుకోలుగా తలలూపాం, నేనూ ఊపాను. ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. ఆ తలుపుల వెనక ఉన్నది మన ముత్తవ్వలేమో కదా!

పాలెగాళ్లు మొదటినుంచీ దోపిడిగాళ్లు కారు. విజయనగర రాజులు వాళ్లకు ఊళ్లిచ్చి, యుద్ధమొస్తే బంట్లతో రమ్మన్నారు. 1565లో రాయలవారి రాజ్యం దెబ్బతిన్నాక అడిగేవాడు లేకపోయాడు. రైతుల దగ్గర కావలి రుసుం పుచ్చుకునేవాళ్లు. దొంగతనం జరిగితే సొత్తు వెతికి తేవాలి, లేదా నష్టం ఇచ్చుకోవాలి. బాగానే ఉంది. కానీ రుసుం ఇవ్వని ఊళ్లోనే దొంగలు పడేవాళ్లు! ఎవరు పంపారో ఊరందరికీ తెలుసు. 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికొచ్చినప్పుడు మన్రో దొరకు 80 మందిదాకా పాలెగాళ్లు తగిలారు. ఆయన వాళ్ల బలం విరిచాడు. (దొరగారు వచ్చిందీ శిస్తుకోసమేననుకోండి!) పుంగనూరు, కుప్పం పక్క కంగుంది లాంటివి జమీందారీలై, 1948 చట్టం వచ్చేదాకా నిలిచాయి.

అంతకుముందు మాత్రం? ఈ నేలకోసం వైదుంబులూ బాణులూ నొళంబులూ కొట్టుకున్న 9, 10 శతాబ్దాల వీరగల్లులు ఈ చుట్టుపక్కల పల్లెల్లో కనిపిస్తాయి. మందను తోలుకుపోయేవాళ్లతో పోరాడి పడిపోయినవాడికి ఊరు రాయి నిలిపేది. మరి తోలుకుపోవడానికొచ్చి చచ్చినవాడు? వాడి ఊరివాళ్లకు వాడూ వీరుడే. విరాటుడి ఆవుల్ని పట్టడానికి వెళ్లిన సేనలో భీష్ముడూ ద్రోణుడూ లేరూ!

ఉత్తర ఐరోపాలో వైకింగులదీ ఇదే కథ. 793లో ఇంగ్లండులోని లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచుకున్నారు. వాళ్లూ ఇంటిదగ్గర సేద్యగాళ్లే. మగవాళ్లు ఓడలెక్కి పోతే పొలమూ గొడ్డూ చూసుకునేది ఇల్లాలు. తాళంచెవులతో సహా పూడ్చిన ఆడవాళ్ల సమాధులు అక్కడ బయటపడ్డాయి. ఆ చెవులు చూస్తే మన అత్తగార్ల నడుముకున్న గుత్తి గుర్తుకు రాదూ? పెట్టెలో వెండి ఎవరిదో ఆవిడకు తెలియదంటారా? ఓడలో వెండితోపాటు మనుషుల్నీ తెచ్చేవాళ్లు, బానిసలుగా. వాళ్లచేత పని చేయించుకుంటూ ఒక్కసారైనా "మీదే ఊరమ్మా?" అని అడిగి ఉంటుందా? అడిగితే ఆ పూట అన్నం సయించేదా?

మా పుట్టింట్లో సైకిలు దొంగిలించిన చినతాత ఒకాయన ఉండేవాడు. ఆయన పేరు ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. ఒక్క సైకిలుకే! అదే గుర్రమెక్కి పది ఊళ్లు దోచి ఉంటే ఫొటోకు దండ వేసి, పెళ్లిచూపుల్లో చెప్పుకునేవాళ్లమేమో.

నిన్న చెల్లెలు ఫోన్ చేసింది. "తాతలనాటి కాసులపేరు పెడతారట అక్కా, ఏమంటావు?" అంది. మనసాగక ఇదంతా చెప్పాను. పక్కనే వింటున్న పిల్ల ఫోన్ అందుకుంది.

"అబ్బాయి నచ్చాడు పెద్దమ్మా. కాసులపేరు సంగతి అతన్నే అడుగుతాలే. అవునూ, మరి మన అమ్మమ్మ కాసులపేరు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. ఇన్నేళ్లూ నేనూ అడగలేదు.