సేవ గంటల లెక్క

మా మేనకోడలు పోయినేడాది వేసవిలో ఆరు వారాలు కోస్టారికాలో ఉండి వచ్చింది. దానికి పదహారేళ్ళు. అక్కావాళ్ళు ఉండేది అమెరికాలో, మేరీలాండ్‌లో. బడిలో మూడేళ్ళు స్పానిష్ చదివింది కదా, ఆ భాష మాట్లాడే ఊళ్ళో ఒక కుటుంబంతో ఉంటూ, అక్కడి బడిలో వలంటీరుగా పనిచేసే కార్యక్రమం ఒకటి దొరికితే చేరింది. అక్కా బావా దానికి కొన్ని వేల డాలర్లు కట్టారు. తిరిగొచ్చాక వీడియో కాల్‌లో మా అమ్మకి ఫోటోలు చూపించింది. కొత్తగా పసుపు రంగు వేసిన బడి గోడ, కొండవాలు మీద కాఫీ తోటలు, వంటింట్లో గరిటె పట్టుకుని నవ్వుతున్న ఒకావిడ.

"ఈవిడేనా నీకు అన్నం పెట్టింది?" అంది అమ్మ.

"అవును అమ్మమ్మా. మమా తీకా."

కోస్టారికా ఆడవాళ్ళని అక్కడివాళ్ళు 'తీకా' అంటారు. ఆతిథ్యమిచ్చిన తల్లిని 'మమా తీకా' అని పిలుచుకుంటారు. అమ్మకి అది 'మామా' అని వినబడి నావైపు చూసింది. అందరం నవ్వుకున్నాం. కాల్ పెట్టేశాక అమ్మ తాపీగా అడిగింది:

"ఏరా, ఆవిడెవరో పరాయి పిల్లకి నెలన్నర వండిపెట్టి, మాటలు కూడా నేర్పింది. మరి సేవ చేసింది మన పిల్ల అంటారేవిటి?"

ఏదో చెప్పి తప్పించుకున్నాను. అక్టోబర్‌లో ఆ ప్రశ్న మళ్ళీ నా ముందుకొచ్చింది. కాలేజీ దరఖాస్తుకి పిల్లలు 650 పదాలు మించకుండా ఒక వ్యాసం రాయాలి. మా కోడలు కోస్టారికా గురించి రాసింది. మొదటి ప్రతిలో ఎక్కువ భాగం తను ఎందుకూ పనికిరాకుండా గడిపిన రోజుల గురించే. మాట రాదు, వంట రాదు, గోడకి రంగు వేస్తే వానకి కారిపోయింది, ఆవిడ ఓపిగ్గా భరించింది. "ఇందులో నువ్వేం చేశావో లేదే" అని అక్క దాన్ని నాకు పంపింది. పుస్తకాల మీద సమీక్షలు రాస్తాను కాబట్టి, మా ఇంట్లో ఇలాంటివి నాకే వస్తాయి. నేను గోడని పైకి తెచ్చాను, వంటింటిని రెండు వాక్యాలకి కుదించాను. "ఇప్పుడు బావుంది" అంది అక్క. పిల్ల ఏమీ అనలేదు. అదే దరఖాస్తుతో వెళ్ళిపోయింది.

నేను చేసింది అబద్ధం కాదు, గోడకి రంగు వేసిన మాట నిజమే. కానీ ఎవరు ఎవరికి ఇచ్చారన్న లెక్కని నేను తిరగేశాను. నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది అదే.

ఇలాంటి ప్రయాణాలు కొత్తవేం కాదు. 1932లో డొనాల్డ్ వాట్ అనే అమెరికన్ 'ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్' మొదలుపెట్టాడు. పరాయి దేశంలో ఒక ఇంట్లో ఇంటిమనిషిలా ఉండటమే చదువు అన్నది దాని మూలసూత్రం. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డవాళ్ళని అంబులెన్సుల్లో మోసిన అమెరికన్ ఫీల్డ్ సర్వీస్, రెండో యుద్ధం ముగిశాక, 1947 నుంచి, హైస్కూల్ పిల్లల్ని దేశాల మధ్య పంపడం మొదలుపెట్టింది. ఆ పిల్లలు వెళ్ళింది అతిథులుగా, విద్యార్థులుగా. 1965లో దారి కొంచెం మారింది. హ్యూస్టన్ నుంచి గై బెవిల్ అనే యువ పాస్టర్ కుర్రవాళ్ళని వెంటబెట్టుకుని హోండురస్ పల్లెలకి వెళ్ళాడు, పోలియో టీకాలు వేయడానికి. 'అమీగోస్ దె లాస్ అమేరికాస్' అనే సంస్థ అలా పుట్టింది. వీళ్ళు సాయం చేసేవాళ్ళుగా వెళ్ళారు. చేతిలో టీకా ఉంది, దాని అవసరం ఎవరికైనా కనిపిస్తుంది.

ఇవాళ్టి బ్రోషర్లలో చాలావాటిలో ఈ రెండు దారులూ కలిసిపోయాయి. భాష నేర్చుకుంటావు, సేవా చేస్తావు. అతిథివీ నువ్వే, దాతవీ నువ్వే. ఒక్కొక్కటిగా చూస్తే రెండూ మంచివే. ఒకే మనిషి, ఒకే ఇంట్లో, ఒకే నెలలో రెండూ ఎలా అవుతాడన్నదే చిక్కు.

దీని మీద అందరికంటే కటువుగా మాట్లాడింది ఇవాన్ ఇలిచ్. 'డీస్కూలింగ్ సొసైటీ' రాసినాయనే. 1968 ఏప్రిల్‌లో, మెక్సికో పల్లెల్లో సేవ చేయాలనుకున్న అమెరికన్ విద్యార్థుల ఎదుట నిలబడి, వాళ్ళ మంచి ఉద్దేశాలని నిలువునా కడిగేశాడు. ఆ ప్రసంగం 'టు హెల్ విత్ గుడ్ ఇంటెన్షన్స్' పేరుతో ఇప్పటికీ చదవబడుతోంది. చూడటానికి, చదువుకోవడానికి వస్తే అభ్యంతరం లేదు గానీ, ఉద్ధరించడానికి మాత్రం రావద్దన్నది అతని వాదన సారం. మీ దేశంలోని పేదలైతే మీ సేవ నచ్చకపోతే మొహం మీదే చెప్పగలరు, మెక్సికోవాళ్ళు చెప్పినా మీకు అర్థం కాదు అన్నాడు.

ఇందులో నాకు ఆసక్తిగా అనిపించే సంగతి ఇంకోటుంది. ఇలిచ్ నడిపిన కేంద్రంలోనే మిషనరీలకీ వలంటీర్లకీ స్పానిష్ నేర్పేవారు. పరాయి భాషలో శబ్దాల కంటే మౌనాలు నేర్చుకోవడం కష్టమని, స్పానిష్ నేర్చుకునేవాళ్ళ కోసం విడిగా ఒక వ్యాసమే రాశాడు. అంటే రావద్దన్నవాడే వచ్చినవాళ్ళకి భాష నేర్పించాడు. ఇది వైరుధ్యమని నేననుకోను. నేర్చుకునేవాడు తక్కువలో నిలబడతాడు, సాయం చేసేవాడు ఎత్తులో నిలబడతాడు. ఇలిచ్ గొడవంతా ఆ ఎత్తుతోనే.

మా పిల్ల గోడ విషయంలో ఇలిచ్ చెప్పింది అక్షరాలా జరిగింది. జూన్, జూలై అక్కడ వానాకాలం. పొద్దున్న ఎండ కాస్తుంది, మధ్యాహ్నం దాటితే వాన. వీళ్ళు మొదటి రెండు రోజులూ మధ్యాహ్నాలే రంగు వేశారు. ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు. అడగడానికి మాట కావాలి కదా. మూడోరోజు ఇంటాయన చేతి గడియారం చూపించి, ఆకాశం చూపించి, పొద్దున్నే లేపి పంపాడు. ఆ గోడకి రంగు వేయగల మనిషి ఆ ఊళ్ళో లేడా అంటే, ఇంటాయనే ఉన్నాడు.

కానీ వంటింటి దగ్గరికి వచ్చేసరికి ఇలిచ్ కోపం ఒక్కటీ సరిపోదనిపిస్తుంది.

అక్కడ అది మొదట నేర్చుకున్న మాట 'కోమా'. తినండి, అని. బడిలో నేర్పిన స్పానిష్‌లో చనువుగా పిలవడానికి 'తూ' ఉంది, మన 'నువ్వు' లాగా. కోస్టారికాలో తల్లులు పిల్లల్ని కూడా తరచూ 'ఉస్తెద్' అంటారు, మన 'మీరు' లాంటి మాట. ఇంట్లో కుక్కకైనా అదే మర్యాద. మొదట్లో ఆవిడ తనని దూరంగా పెడుతోందేమో అని పిల్ల బాధపడిందట. ఆ ఊళ్ళో ప్రేమ మర్యాద రూపంలో వస్తుందని తెలియడానికి రెండు వారాలు పట్టింది. అది పుస్తకంలో ఉండదు. ఎవరో ఒకరు పూటపూటా కంచం ముందు పెట్టి, మీరు తినండి, ఇంకొంచెం వేసుకోండి అంటుంటే తెలుస్తుంది. దీనికి ఎన్ని గంటలు? ఎవరి గంటలు?

మేరీలాండ్‌లో హైస్కూల్ పిల్లలకి 75 గంటల సేవ రాష్ట్రం పెట్టిన నియమం. మా పిల్లకి ఆ గంటలు ముందే అయిపోయాయి, అయినా గోడ దగ్గర గడిపిన ప్రతి గంటకీ కార్యక్రమంవాళ్ళ కాగితం మీద ఒక గడి ఉంది. వంటింటి గంటలకి గడి లేదు. భోజనం ఖర్చుల కింద ఆ కుటుంబానికి కొంత డబ్బు ఇస్తారు, నిజమే. దాంతో బియ్యానికీ చిక్కుడు గింజలకీ లెక్క సరిపోవచ్చు. ఒక్కో వాక్యం పూర్తయ్యేదాకా పొయ్యి తగ్గించి ఎదురుచూడటం ఏ ఖర్చు కింద రాస్తారు?

హైదరాబాద్‌లో మా ఇంట్లో వంట చేసే ఆవిడది గోదావరి జిల్లా. ఆరేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసి వచ్చింది. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి అలా వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతోమంది. ఆవిడ అరబ్బీ గడగడా మాట్లాడుతుంది. ఎలా నేర్చుకున్నావని అడిగితే, "తిట్లతో నేర్చుకున్నా సార్" అంది. ముందు వచ్చిన మాటలు 'తాలీ', 'రూహీ'. రా, పో. అర్థం కాక ఒకటి తేబోయి ఇంకోటి తెస్తే ఇంతెత్తున లేచేవాళ్ళు. ఆ ఇంటి చిన్నపిల్ల ఒక్కతే వస్తువు చూపించి పేరు చెప్పేదట.

పరాయి దేశం, పరాయి ఇల్లు, పరాయి భాష, రోజంతా సేవ. మా కోడలి బ్రోషర్‌లో ఉన్నవన్నీ ఇక్కడా ఉన్నాయి. ఇద్దరికీ భాష ఆజ్ఞతోనే మొదలైంది. ఒకరికి 'తినండి', ఒకరికి 'రా, పో'. ఒకరు వేలు కట్టి వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఇంకొకరు వీసా యజమాని పేరుతో ముడిపడి ఉంటే, వదిలి రాలేక ఉన్నారు. అసలు తేడా డబ్బులోనే ఉందని అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఇంకోటి కూడా కనిపిస్తోంది. తప్పు మాట్లాడినా ఏమీ కానివాళ్ళకే భాష హాయిగా వస్తుంది. మా పిల్ల తప్పుగా మాట్లాడితే ఆ ఇల్లంతా ముద్దుగా నవ్వింది. ఆ నవ్వు దానికి దొరికిన దానం. ఇచ్చింది ఆవిడ.

ఈ మాట అమ్మతో అంటే వాళ్ళ నాన్న సంగతి చెప్పింది. తాతగారు రాజమండ్రిలో వారాలు చేసుకుని చదువుకున్నారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఆ వ్యవస్థని నేను నెత్తిన పెట్టుకోను. ఆ అన్నం కులం గీత దాటి పెట్టింది కాదు. మా తాతకి దొరికిన వారాలు అదే ఊళ్ళో ఇంకో కులం పిల్లాడికి దొరికేవి కావు. కానీ అమ్మ చెప్పింది వేరే విషయం. ఏ వారం ఎవరింట్లో తిన్నారో తాతగారు పోయేదాకా వరసగా అప్పజెప్పేవారట. బుధవారం ఇంటావిడ ఆయన కోసం రెండోసారి చారు కాచేదని కూడా. ఆ ఇళ్ళల్లో నీళ్ళు తోడారు, పిల్లలకి ఎక్కాలు చెప్పారు, బజారు పనులు చేశారు. దాన్ని ఏనాడూ సేవ అనలేదు. "అన్నం తిన్నవాడు ఆపాటి చెయ్యడా" అనేవారట.

మన పిల్లలు పరాయి దేశం వెళ్ళకూడదని నేననను. వెళ్ళాలి, అక్కడ మాట రాక కొన్నాళ్ళు దిక్కులు చూడాలి. గోడకి రంగూ వేయనీండి, తిన్నవాళ్ళు ఆపాటి చేయాలి. దానికి సేవ అని పేరు పెట్టడం దగ్గరే నా పేచీ. ఆ పేరు పెట్టగానే అప్పున్నవాడు దాత అయిపోతాడు, దాత కనిపించకుండా పోతుంది. పదహారేళ్ళ పిల్ల నిజాయితీగా రాసుకున్న అప్పుపత్రాన్ని ముప్పై దాటిన నేను తీసుకుని వితరణ పత్రంగా మార్చాను. ఇచ్చేవాళ్ళకే సీటు ఇస్తారని మేం నమ్మాం. పుచ్చుకోవడం తెలిసిన పిల్ల అని రాస్తే ఎవరు మెచ్చుకుంటారనుకున్నాం.

ఈ అప్పు తీరేది ఆ ఇంటికి కానుకలు పంపడంతో కాదేమో. వాషింగ్టన్ చుట్టుపక్కల ఎల్ సాల్వడోర్ నుంచి వచ్చినవాళ్ళు చాలా ఎక్కువ. మా కోడలి బడి కేఫెటీరియాలో వడ్డించే ఆవిడది ఆ దేశమే. రెండేళ్ళపాటు రోజూ ఆవిడ చేతి నుంచి ట్రే అందుకుంటూ, స్పానిష్ క్లాసులో ఏ గ్రేడు తెచ్చుకున్నా, ఒక్క మాట మాట్లాడలేదట. కోస్టారికా నుంచి వచ్చిన మొదటివారం ఆవిడని 'ఉస్తెద్' అని పలకరించిందట. ఆవిడ ఇంగ్లీషులో తడుముకుంటూ జవాబిస్తే, తను స్పానిష్‌లోకి లాగకుండా, ఆ వాక్యం పూర్తయ్యేదాకా ఆగిందట. "ఆవిడ ఇంగ్లీష్ ప్రాక్టీస్ చేస్తోంది మామయ్యా, మధ్యలో అందుకోకూడదు" అంది.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది ఒడిశా. వచ్చి ఏడాది అవుతోంది. నాతో తెలుగులోనే మాట్లాడాలని చూస్తాడు. నాకు తొందరెక్కువ, నాలుగో మాటకే హిందీలోకి మారిపోతాను. నిన్న నీళ్ళ ట్యాంకర్ గురించి ఏదో చెబుతున్నాడు. "రేపు పొద్దున... ట్యాంకరు... రాదు... కాదు, వస్తది, కానీ..." అంటూ ఆగిపోయి నా మొహం చూశాడు. హిందీ నా నోటిదాకా వచ్చింది. బండి తాళంచెవి జేబులో పెట్టుకుని నిలబడ్డాను.