మీ దేశం గురించి చెప్పమంటే ఏం చెబుతారు?



2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలోని విదేశీ విద్యార్థుల్లో అందరికంటే ఎక్కువ మంది ఇండియా వారే: 3,31,602 మంది. వారిలో తెలుగువారు ఎందరో మన ఆరాధనలో వెనుక వరుసలు చూస్తేనే తెలుస్తుంది. చదువుతోపాటు వీరిలో కొందరికి ఇంకో చిన్న పని కూడా తగులుతుంది. ముఖ్యంగా నవంబరులో ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ వీక్ వచ్చినప్పుడు, దగ్గరి హైస్కూలుకు వెళ్లి పిల్లలకు మీ దేశం గురించి చెప్పమని యూనివర్సిటీ వారు అడుగుతారు. ఒక్క పీరియడ్ పని. అయినా అందులో ఒక బరువైన ప్రశ్న ఉంది. అంత కొద్ది సమయంలో ఒక దేశం గురించి నిజం చెప్పడం అంటే ఏమిటి?

ఎం.ఎస్. చదివే రోజుల్లో నేనూ అలా వెళ్లాను. తాజ్‌మహల్, చార్మినార్ ఫోటోలు, ఒక చీర, నాలుగు గాజులు, ఒక సినిమా పాట. పిల్లల పేర్లు తెలుగు అక్షరాల్లో రాసిస్తే ఆ కాగితాన్ని ఎంత భద్రంగా దాచుకుంటారో! ఇందులో తప్పేమీ లేదు. ఇంటికొచ్చినవారికి ముందుగది చూపించడం మర్యాద. ఉన్నదంతా చెప్పకపోతే అది అబద్ధమైపోదు. అంతా చెప్పడం ఎవరి తరమూ కాదు.

అబద్ధం రెండు చోట్ల మొదలవుతుందని నాకనిపిస్తుంది.

మొదటిది, మనకు తెలిసిన ముక్కనే మొత్తంగా చూపించినప్పుడు. "ఇండియన్స్ శాకాహారులు", "ఇండియాలో అందరూ దీపావళి చేసుకుంటారు" అని ఎంత తేలిగ్గా అనేస్తాం! ఆదివారం గుడి నుంచి వచ్చి కోడికూర వండే మన అమ్మలు, డిసెంబరులో వెదురు బద్దలతో నక్షత్రం కట్టే మన నాన్నలు ఆ మాటల్లో ఎక్కడున్నారు? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో క్రైస్తవులు 2.3 శాతం. శాతంగా చిన్నదే, మనుషులుగా లెక్కిస్తే రెండున్నర కోట్ల పైమాటే. అలాగని మన క్రిస్మస్ ఒక్కటే చూపించి, పండుగనాడు పక్కింటివాళ్లు పంపిన అరిసెల సంగతి మింగేస్తే అదీ సగం నిజమే. అందుకే "ఇండియాలో" అనేముందు "మా ఊళ్లో", "మా ఇంట్లో" అనడం అలవాటు చేసుకుందాం. కోర్టులో సాక్షి తాను చూసింది చెబుతాడు, చూడనిది చెప్పడు. మనం చేయాల్సిందీ అంతే.

రెండవది, అడిగినప్పుడు దాచినప్పుడు. పదహారేళ్ల అమ్మాయి ఒకరు నన్ను అడిగింది: "కులం గురించి పుస్తకంలో చదివాం. అది ఇంకా ఉందా?" చట్టం రద్దు చేసిందని చెప్పి తప్పించుకోవచ్చు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిన మాట నిజమే. కానీ ఆమె అడిగింది చట్టం గురించి కాదు. "ఉంది. పెళ్లి సంబంధాల దగ్గర ఇప్పటికీ అడుగుతారు. మా చర్చిల్లో కూడా" అని చెప్పాను.

తిరుగు ప్రయాణంలో నాతో వచ్చిన మిత్రుడికి అది నచ్చలేదు. "ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు. వీళ్ల ముందు ఎందుకు చెప్పావు?" అన్నాడు. ఆ మాటను కొట్టిపారేయలేం. మన దేశమంటే పేదరికం, మురికివాడలు అని ముందే అనుకునేవారు ఇక్కడ ఉన్నారు. మనం ఒక చెడు చెబితే అదే గుర్తుంటుంది. ఆ క్లాసులో మన పిల్లవాడు ఎవడైనా ఉంటే మధ్యాహ్నం లంచ్‌లో వాడే జవాబు చెప్పుకోవాలి.

అయినా ఒక్కటి ఆలోచించండి. అది ఎవరి ఇంటి గుట్టు? కులం బరువు మోసేవారికి అది గుట్టు కాదు, రోజూ బతికే బతుకు. ఏది దాచాలో ముందుగదిలో కూర్చున్నవారే తేలిస్తే పెరటివైపు నిలబడ్డవారి మాట ఎవరు చెబుతారు? పైగా అది సముద్రం దాటి మనతోనే వచ్చింది. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞలో పొరుగువాడి ప్రస్తావన ఉంది. దేశం గురించి మాట్లాడటమంటే చివరికి పొరుగువాడి గురించి మాట్లాడటమే.

ఈ దారిలో మనకంటే ముందు ఒక విద్యార్థి నడిచాడు. 1913లో కొలంబియా యూనివర్సిటీకి వచ్చిన అంబేడ్కర్, 1916 మే 9న, 25 ఏళ్ల వయసులో, అక్కడి ఆంత్రోపాలజీ సెమినార్‌లో కులం మీద ఒక వ్యాసం చదివాడు. వస్తువుల ప్రదర్శనలు అందరూ చూసే ఉంటారు, మానవ వ్యవస్థలను కూడా అలా ప్రదర్శించవచ్చన్న ఆలోచనతో మొదలుపెట్టాడు. దేశాన్ని తిట్టలేదు, జాలీ అడగలేదు. పెళ్లిని ఒక గుంపు లోపలే బిగించి ఉంచడం వల్ల కులం ఎలా నిలబడుతుందో విప్పి చెప్పాడు.

మనమూ అలాగే చెప్పవచ్చు. ఏ తప్పును గురించి చెప్పినా "వాళ్లు" అనకుండా "మేము" అందాం. ఆ తప్పుతో పోరాడినవారి పేరు కూడా అక్కడే చెబుదాం. తర్వాత "మీ ఊళ్లో ఎవరు ఎవరితో కలిసి భోంచేయరు?" అని పిల్లలను అడుగుదాం. వాళ్ల దగ్గరా జవాబు ఉంటుంది.

ఈ నవంబరులో మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే చీర, గాజులు తప్పకుండా తీసుకెళ్లండి. వెళ్లేముందు రాత్రి ఒక పని చేయండి. ఆ క్లాసులో వెనుక బెంచీ మీద మీ అమ్మ, మీ వీధి కాలువ శుభ్రం చేసే మనిషి పక్కపక్కన కూర్చున్నారనుకుని మీరు చెప్పబోయేది ఒకసారి చదువుకోండి. అది విని ఇద్దరూ "అవును, మా ఊరే" అంటారనిపిస్తే, ధైర్యంగా వెళ్లి చెప్పండి.