పదవి కొనినవాని పాపము

సొమ్మిచ్చి పదవి కొనినవాడు ప్రజలను పీడించినచో ఆ పాపము కొనినవానిదా, అమ్మినవానిదా? ఈ ప్రశ్న తెలంగాణపు పల్లెలకు క్రొత్తది కాదు. 1853లో మొదటి సాలార్ జంగు హైదరాబాదు దివానగునాటికి తాలూకాల శిస్తును గుత్తకిచ్చుట ఆ రాజ్యమున వాడుక. గుత్తదారు సర్కారునకు కట్టవలసిన పైకమును, తన లాభమును ముందు లెక్కించుకొని, రైతు మాట కడపట తలచును. సాలార్ జంగు ఆ పద్ధతిని తొలగించి, 1865లో జిలాబందీ యేర్పరచి, జీతముపై తాలూకుదారులను నియమించెను.

ఇట్టి చికిత్సనే పదుమూడు శతాబ్దములకు పూర్వము కాన్‌స్టాంటినోపిలున జస్టీనియను చక్రవర్తి తలపెట్టెను. రాష్ట్రాధిపతుల పదవులను అమ్మరాదని 535లో శాసించెను. అప్పు చేసి పదవి కొనినవాడు ఆ యప్పు తీర్చుటకు ప్రజలను పిండుననియు, పిండిన ప్రజలు పన్ను కట్టజాలరనియు ఆ శాసనమే యొప్పుకొనుచున్నది. కొనినవాని దోషమును మేము కాదనము. కాని ధర నిర్ణయించి అమ్మిన ప్రభుత్వమునకు దొంగను నిందించు అధికార మెక్కడిది?

అయినను జీతమిచ్చినంతనే న్యాయము కలుగునా? స్థానికులు తమ అధికారిని ఎన్నుకొనిన మేలగునని కొంద రందురు. 569లో రెండవ జస్టిను ఆ పనియే చేసెను: రాష్ట్రాధిపతిని సూచించు హక్కును బిషప్పులకును, పెద్ద భూస్వాములకును ఇచ్చెను. ఊరివాడైనంతనే దయాళువు కాడని మా నల్లగొండ సీమకు తెలియును. తాలూకుదారు బదిలీపై పోవును. దేశముఖు గడీ కదలదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణము తీసిన తుపాకి దూరపు దొరది కాదు, విసునూరు దేశముఖు మనుష్యులది.

2016లో మా మేళ్లచెరువు నల్లగొండ జిల్లానుండి సూర్యాపేట జిల్లాలోనికి వచ్చినది. కచ్చేరి దగ్గరపడినది, మంచిదే. కాని దూరముకన్న జవాబుదారీ ముఖ్యమని మా తలంపు. 479లో జీనో చక్రవర్తి చేసిన చట్టమొకటి కలదు. జస్టీనియనును దానిని నిలిపెను. మనము బదిలీయైన అధికారికి పూలదండ వేసి, ఫలాహారము పెట్టి ఆనాడే బండి యెక్కింతుము. ఆ చట్టము ప్రకారము పదవి దిగినవాడు తానేలిన రాష్ట్రమును వెంటనే విడువరాదు. ఏబది దినములు దాగక, అందరకు కనబడుచు అచ్చటనే యుండవలెను. నిన్నటిదాక వాని గుమ్మము ముందు చేతులు కట్టుకొని నిలిచినవాడు ఆ దినములలో వానిపై ఫిర్యాదు చేయవచ్చును.