నేరమే పేరయిన జీవి

ఒక జీవికి దాని దుష్కార్యమును బట్టి పేరు పెట్టి, ఆ పేరునే దాని జాతిగా నిర్ణయింపవచ్చునా? ఈ ప్రశ్న పండితుల వినోదముగా తోచవచ్చును. నేలలోని యొక బాక్టీరియా చరిత్ర చూచిన పిమ్మట అట్లు తోచదు.

1907లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన ఎర్విన్ స్మిత్, టౌన్సెండ్ అనువారు చేమంతి కుటుంబపు మొక్కలపై లేచిన కంతులనుండి ఒక బాక్టీరియాను వేరుచేసి దానికి ‘ట్యూమిఫేసియెన్స్’ అని పేరిడిరి. కంతులు పుట్టించునదని దాని యర్థము. అంతకు ముందే, 1902లో, హాలెండునందు బైజరింక్, వాన్ డెల్డెన్ అనువారు ‘రేడియోబాక్టర్’ అను నిరపాయమైన మంటి బాక్టీరియాను వర్ణించియుండిరి. రెండును ఇంచుమించు ఒకే తీరువి. అయినను ఒకటి దోషి, ఒకటి సాధువు. కావున రెండు జాతులని గ్రంథముల కెక్కినవి.

1969లో ఆస్ట్రేలియాలో అలన్ కెర్ ఈ రెంటిని ఒకే మొక్కలో కలిపి యుంచగా సాధువు సయితము కంతులు పుట్టింప నేర్చెను. మన యొంటి వేడికి దగ్గరగానుండు వేడిలో పెంచినచో దోషి తన దోషమును విడుచునని 1971లో మరికొందరు చూపిరి. 1974లో బెల్జియమునందలి ఘెంట్ పరిశోధకులకు కారణము దొరకినది. కంతి పుట్టించు శక్తి కణముయొక్క ముఖ్య జన్యుద్రవ్యమున లేదు. ప్లాస్మిడ్ అను విడి వలయముపై నున్నది. ఆ వలయము ఒక కణమునుండి మరియొక కణమునకు పోవును, ఒక్కొక్కప్పుడు జారిపోవును. ఇంటిలోని అద్దె సామానును చూచి గృహస్థుని వంశము నిర్ణయించినట్లయినది! నేడు ఆ వలయమునుండి కంతి పుట్టించు భాగమును తీసివేసి, ఈ బాక్టీరియాచేతనే పైరులలో క్రొత్త జన్యువులను చేర్పించుచున్నారు. పేరు మాత్రము పాతదే.

ఇప్పుడు క్రొత్త బాక్టీరియా దొరకినచో దాని సమస్త జన్యుక్రమమును తెలిసినవానితో సరిచూతురు. సామ్యము నూటికి 95 పాళ్లకు తగ్గినచో వేరు జాతి యనుట వాడుక. అంతర్జాతీయ నియమావళి ప్రకారము నమూనాను రెండు దేశముల భాండారములలో సజీవముగా భద్రపరచిననే గాని పేరు చెల్లదు. నాకు మిక్కిలి నచ్చిన నియమమిది. తీర్పు తప్పని తోచినవాడు నమూనాను తెప్పించుకొని మరల పరీక్షింపవచ్చును.

మన భాషలో జాతి యను మాట మనుష్యులకును చెల్లును. మనుష్యులను సూక్ష్మజీవులతో పోల్చుట తగునా యని చదువరులు అడుగవచ్చును. నేను పోల్చుచున్నది పేరు పెట్టినవారి తర్కమును. 1871లో దొరతనమువారు ‘నేరస్థ జాతుల’ చట్టము చేసి, దానిని 1911లో మద్రాసు రాజధానికి విస్తరింపజేసిరి. మన ఎరుకలవారు అట్లే పట్టికకెక్కిరి. గుంటూరు మండలమున స్టూవర్టుపురము అట్టివారికొరకే వెలసెను. పశువులపై ఉప్పును ధాన్యమును మోయించి వర్తకము చేసినవారిలో పెక్కురు, రైళ్లు వచ్చి ఉప్పుపై సర్కారు పట్టు బిగిసినప్పుడు, బ్రదుకుతెరువు కోల్పోయిరి. ఆ సంగతి విచారించిన వారెవరు? తొట్టిలోని శిశువు ఏమి దొంగిలించెను? పైగా, ఒక తెగను నేరస్థజాతిగా ప్రకటించుట చెల్లునా యని ఏ న్యాయస్థానమును ప్రశ్నింపరాదని 1871 చట్టముననే వ్రాసిరి. బాక్టీరియాకున్న పునఃపరీక్ష మనుష్యునకు లేకపోయెను.

1952లో ఆ చట్టము దేశమంతట రద్దయినది. దానినుండి విడుదలయైనవారిని నేడు ‘విముక్త జాతులు’ అనుచున్నారు. దేనినుండి విముక్తులని పిల్లవాడడిగినచో, తల్లి ఆ పాత మాటనే మరల చెప్పవలసి వచ్చుచున్నది.