దయ్యాన్ని చూస్తూ మనిషిని మరువడం

భూతం పట్టిన పిల్ల, ఏం చేయాలో తోచని తల్లి, సిలువతో గదిలోకి వచ్చే ఫాదర్. విలియం పీటర్ బ్లాటీ 1971లో ప్రచురించిన 'ది ఎక్సార్సిస్ట్' నవల, 1973లో దాని ఆధారంగా వచ్చిన సినిమా ఈ కథను ప్రపంచమంతా చాటాయి. తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' కూడా క్షుద్రశక్తి బారినపడిన పసిపిల్ల కథే. భయం కోసం కథ చదవడం తప్పని మేము అనము. ఆ భయం మనచేత దేన్ని ఒప్పిస్తుందన్నదే ప్రశ్న.

బ్లాటీ నవలలో ఫాదర్ కర్రాస్ మానసిక వైద్యుడు, విశ్వాసం సడలినవాడు. పిల్లను డాక్టర్లు పరీక్షిస్తారు; వారికి అంతుచిక్కదు. ఇక సైతానే అని తేలుతుంది. సైతాను ఉంటే దేవుడూ ఉండాలి కదా అని పాఠకుడికి తోస్తుంది. కానీ డాక్టర్లు ఓడాలని నిర్ణయించింది రచయిత. జీవితంలో అలా నిర్ణయించే హక్కు ఎవరికుంది?

జర్మనీలో అన్నెలీజ మిషెల్ అనే కాథలిక్ యువతికి మూర్ఛవ్యాధి ఉండేది. దయ్యం పట్టిందని, బిషప్ అనుమతితో, ఇద్దరు ఫాదర్లు 67 సార్లు ఉచ్చాటన జరిపారు. 1976 జూలై 1న, 23 ఏళ్లకే, తిండిలేక కృశించి ఆమె చనిపోయింది. నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారకులని 1978లో కోర్టు ఆమె తల్లిదండ్రులనూ ఆ ఫాదర్లనూ దోషులుగా తేల్చింది. వారిలో ఆమె చెడు కోరినవారు లేరు. అందరూ దయ్యాన్నే చూశారు, పిల్ల చిక్కిపోవడం చూడలేదు. 1999లో సవరించిన కాథలిక్ విధి కూడా జబ్బును దయ్యమని పొరబడవద్దనే హెచ్చరిస్తుంది.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. భిలాయి హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో యంత్రం ఆగితే మెకానిక్ వచ్చి లోపం వెతుకుతాడు. ఇంట్లో మనిషి మాట తడబడితే మాత్రం బైగాను పిలుద్దామనేవారు ఇంకా ఉన్నారు. బైగా వస్తే, దయ్యాన్ని పంపినవారెవరన్న ప్రశ్న కూడా వస్తుంది. ఆ వేలు తరచూ దిక్కులేని ఆడదాని మీదికే పోతుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక స్త్రీని 'టోనహి' అని ముద్రవేయడం, వేధించడం, వైద్యమంటూ ఝాడ్‌ఫూంక్ చేయడం నేరాలని 2005లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది.

అతీతశక్తులపై నమ్మకం ధమ్మం కాదని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో స్పష్టం చేశారు. ప్రతిదానికీ కారణం ఉంటుంది. అతీతశక్తి అనగానే ఆ కారణాన్ని వెతకడం ఆగిపోతుంది. మన సంప్రదాయంలోనూ రక్ష కోసం పరిత్త పఠనం ఉంది. బెదిరిన మనసుకు అది ధైర్యమిస్తే మంచిదే. మందుకు బదులుగా నిలబెడితే మనకూ ఆ ఫాదర్లకూ తేడా ఉండదు.

మన ఇళ్లలో ఆవాలతో దిష్టి తీస్తారు. చనిపోయిన బిడ్డను ఎత్తుకొచ్చిన కిసాగోతమిని తథాగతుడు కూడా ఆవాలే తెమ్మన్నాడు, అయితే చావు ఎరుగని ఇంటినుంచి. మంత్రం వేయలేదు, ఎవరినీ నిందించలేదు. ఆమె గడపగడపా ఎక్కి ఇతరుల దుఃఖం విన్నది, తన బిడ్డ చావును ఒప్పుకున్నది.

దయ్యం ఉందా లేదా అన్న వాదన తెల్లవార్లూ సాగవచ్చు. ఈలోగా ఆ గదిలోని పిల్ల అన్నం తిన్నదా, డాక్టరు చూశాడా, ఆమెను భయపెడుతున్నది ఏమిటి? ఉపాసకులు ముందు అడగవలసినవి ఇవే.