విడిచిపెట్టిన బెరడు

చదువవలసిన భాగము: లేవీయకాండము 19:9-10

ఆఫ్రికా ఖండమందలి కామెరూను పర్వతము సుమారు 4,000 మీటర్ల ఎత్తుగలది. దాని పక్కలనున్న చల్లని అడవులలో ఒక అడవి చెర్రీ వృక్షము పెరుగుచున్నది. శాస్త్రజ్ఞులు దానిని ప్రూనస్ ఆఫ్రికానా అందురు. అహరోను కర్రకు కాసిన బాదము కూడ ఈ కుటుంబమునకు చెందినదే. దాని చేదు పండ్లను పక్షులును కోతులును తినును. దాని బెరడు మనుష్యులకు ఔషధము. అచ్చటి ప్రజలు తరతరములుగా దానిని వాడుచు వచ్చిరి. 1960ల తరువాత, ప్రోస్టేటు గ్రంథి వాపుచే బాధపడు వృద్ధుల కొరకు ఆ బెరడు సారము ఐరోపాలో అమ్మకమునకు వచ్చెను.

బెరడు తీయుటకు ఒక పద్ధతి కలదు. మ్రాను చుట్టుకొలతను నాలుగు భాగములుగా ఎంచి, ఎదురెదురుగా నున్న రెండు భాగముల బెరడు మాత్రమే తీసి, తక్కిన రెండింటిని విడువవలెను. అప్పుడు చెట్టు బ్రదుకును. గాయముపై క్రొత్త బెరడు పుట్టును. చుట్టును ఒలిచివేసినయెడల, ఆకులు సిద్ధపరచిన ఆహారము వేళ్లకు దిగు మార్గము తెగిపోవును. కొంతకాలము ఆకులు పచ్చగానే యుండును. లోలోపల వేళ్లు ఆకలితో చచ్చుచుండును. ఇట్లు వేలకొలది చెట్లు నశింపగా, 1995లో దీని వర్తకము అంతర్జాతీయ ఒప్పందపు అదుపులోనికి తేబడెను.

ఒలిచినవానిపై తీర్పు తీర్చుట సులభము. అతడు తరచు పూటకూటికై కొండనెక్కిన పేదవాడే. ఔషధము సేవించినవాడు ఆ చెట్టును ఎన్నడును చూచియుండడు.

దేవుడు ఇశ్రాయేలీయులకు కోతను నిషేధింపలేదు. కోతకు హద్దు నియమించెను. పొలపు ఓరలును, రాలిన పరిగెయు బీదలకును పరదేశులకును విడువవలసియుండెను. ఆ ఆజ్ఞకు ఆధారముగా ఆయన తన నామమునే చూపెను. పొలము తనదని తలంచువాడు అంచువరకు కోయును. పొలము దేవునిదని నమ్మువాడు అంచున ఆగును.

క్రైస్తవ గృహములోను ఈ ప్రశ్న నిలిచియున్నది. వేకువనే వచ్చి పొద్దుగ్రుంకువరకు పాటుపడు పనిమనిషికి విశ్రాంతి దినమున్నదా? సంఘములో కాదనని ఒక్క సహోదరిపైననే సండేస్కూలును, పాటల కూటమును, రోగుల పరామర్శయు మోపబడినవా? ఆమె చిరునవ్వు మాయలేదు గనుక బాగుగానే యున్నదని పెద్దలు తలంతురు. ఒలువబడిన చెట్టు ఆకులును కొంతకాలము పచ్చగానే యుండెను.

ప్రార్థన: ప్రభువా, తీసికొనుటకు నీవు సెలవిచ్చిన దానిలోను, ఎక్కడ ఆగవలెనో నీ ప్రజలకు నేర్పుము. నవ్వుచునే అలసిపోవుచున్నవారిని చూడగల కన్నులను వారికి దయచేయుము. ఆమేన్.